జాడ తీగ

చిర్రగోనె కంపెనీకి ఇంకా మూడేళ్ళ నాలుగు నెలల ఆయుష్షు మిగిలి ఉందని పంచాంగం చెప్పింది. ఆ కాగితాన్ని బుధవారం పొద్దున, ఆడవాళ్ళు అన్నం డబ్బాలు పెట్టుకునే అరుగు మీది గోడకు అంటించారు.

పంచాంగం అసలు పేరు ఆయువు యంత్రం. సిరిసిల్ల పొలిమేరలో, ఒకప్పుడు సాంచెలనే మరమగ్గాలు నడిచిన రేకుల షెడ్డు మీద కట్టిన చల్లటి గదిలో ఉంటుంది. మనిషెత్తు నల్లటి బీరువాలు ఆరు, వాటి ముందు ఒక కుర్చీ. తన ఆటపెట్టెలు ఎన్నాళ్ళు ఆడతాయో తెలుసుకుందామని కంపెనీ దాన్ని చేయించుకుంది. తర్వాత బయటివాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. ఒక సైకిళ్ళ కంపెనీకి, ఒక సబ్బుల కంపెనీకి, ఒక ఫోన్ల కంపెనీకి అది చెప్పిన తేదీ వారం అటూ ఇటూగా నిజమైంది. నిజమైందో, తేదీ విన్నాక అప్పిచ్చేవాళ్ళూ సరుకు కొనేవాళ్ళూ ముఖం చాటేస్తే అట్లా అయిందో ఎవరూ విచారించలేదు. షెడ్డులో ఆడవాళ్ళు మాత్రం దానికి పంచాంగమని పేరు పెట్టి ఊరుకున్నారు.

స్వరూప ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. యాభై మూడేళ్ళ మనిషి. మరమ్మతు షెడ్డుకు పెద్ద. ఆమె కింద నలభై ఇద్దరు ఆడవాళ్ళు. అందరూ సాంచెల వాడలో కండెలు చుట్టిన చేతులవాళ్ళే.

"అక్కా, మా ఆయినె ఎన్నేండ్లుంటడో గూడ అడిగి చెప్పుమను జర," అంది పక్క బల్ల జమున.

"అడగకే. తేదీ తెలిస్తె ఇప్పటిసంది పనికి పోడు."

అందరూ నవ్వారు. స్వరూప నవ్వలేదు. ఆమె చూపు గీత మీద ఉంది. కాగితం మీద, ఆడుతున్న పెట్టెల లెక్క చూపే గీత ఎడమ నుంచి ఎక్కుతూ వచ్చి, ఒకచోట మెడ విరిగినట్టు వంగి, అక్కణ్ణుంచి దిగుతూనే పోయింది. వంగినచోట నెల, ఏడాది వేసి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ కిందటి వైశాఖం.

ఆ ఎండాకాలం ఆమెకు బాగా గుర్తుంది.

చిర్రగోనె, అంటే కర్రాబిళ్ళ ఆట పెట్టె, పీటంత ఉంటుంది. నేల మీద పెట్టి మీట నొక్కితే చుట్టూ వెలుగుతో బరి గీస్తుంది. చేతిలో జానెడు కర్ర పట్టుకుని, గాల్లోకి లేచే వెలుగుబిళ్ళను కొట్టాలి. దెబ్బ తగిలితే కర్ర చేతిలో అదురుతుంది. ఒక్కరే కూర్చుంటే పెట్టె పలకదు, ఇద్దరైనా ఉండాలి. పట్నంలో అందరూ కళ్ళద్దాలు పెట్టుకుని ఎవరికి వారు గోడవైపు తిరిగి ఆడుకునే కాలం వచ్చినా, ఈ పెట్టె మాత్రం మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టేది.

ఆ వైశాఖంలో రోజుకు ఏడెనిమిది గంటలు కరెంటు లేదు. బీడీలు చుట్టే ఒకామె పెట్టె పట్టుకొచ్చి, అరగంటకే బ్యాటరీ దిగిపోతోందని మొరపెట్టుకుంది. స్వరూప విప్పి చూసింది. లోపల వెంట్రుకంత ఎర్రతీగ ఒకటి గడియ గడియకూ 'ఉన్నాను, ఉన్నాను' అని కంపెనీకి కబురు పంపుతోంది. బ్యాటరీని తాగుతున్నది అదే. కత్తెరతో టక్కున కోసింది. పెట్టె మూడు గంటలు ఆడింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి పెట్టెకూ ముందు జాడ తీగ కోయడం, తర్వాతే మిగతా రోగం చూడడం ఆ షెడ్డులో పద్ధతయింది. కంపెనీ మొదటి రోజుల నుంచీ, బాగుచేసిన ప్రతిసారీ, బోర్డు మూల ఉన్న చిన్న రంధ్రంలో ఎవరి పోగు వాళ్ళు ముడేసేవారు. స్వరూపది పసుపు. జమునది నీలం. సాంచె మీద పోగు తెగితే ముడేసిన చేతుల అలవాటు అది. ముళ్ళు లెక్కబెడితే పెట్టె ఎన్నిసార్లు చచ్చి బతికిందో తెలుస్తుంది. స్వరూప దగ్గర పని నేర్చుకుని ఊళ్ళల్లో బల్లలు పెట్టుకున్నవాళ్ళు వందల్లో ఉన్నారు. వాళ్ళూ అంతే.

పైవాళ్ళు ఎన్నడూ అడగలేదు. అడిగితే తప్ప మాట్లాడే మనిషి కాదు స్వరూప.

తన చేతిలో బతికిన ప్రతి పెట్టెనూ పైన యంత్రం చచ్చినట్టు రాసుకుందన్నమాట.

*

మెట్ల కింద చెప్పులు విడిచి పైకెక్కింది. కుర్చీలో హిమజ ఉంది. ఆ యంత్రాన్ని తయారుచేసింది హిమజే. స్వరూప ఆడబిడ్డ. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.

"వదినె! నువ్వు పైకెక్కినవేంది? ఏమైంది?"

"ఆ గీత వంగింది సూడు. అది నేను వంచిన."

హిమజకు అర్థం కాలేదు. స్వరూప నాలుగు మాటల్లో చెప్పి ఊరుకుంది. హిమజ ముఖం తెల్లబోయింది.

"జాడ రాకుంటె పెట్టె పాడైంది, అవతల పారేసిండ్రు అని రాసుకుంటది వదినె ఇది. ఎన్ని కోసిండ్రు?"

"లెక్కవెట్టలే. మా షెడ్ల దినాం రెండు వందల దాకా అయితయి. ఊర్లల్ల కోసేటోల్లు వేరె."

"పద్దెనిమిదేండ్లు!" హిమజ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "ఒక్క ఇంట్ల ఉంటున్నం. ఒక్క కంచంల తినేటంత దగ్గర. నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

"తీగ కోస్తున్నరా అని అడగాల్నని నాకెట్ల తెలుస్తది తల్లీ!"

స్వరూపకు ఆ మాట సబబే అనిపించింది. కాసేపటికి హిమజ లేచి ఆమె భుజం పట్టుకుంది.

"తప్పు లెక్క అయితె తిప్పి రాయొచ్చు. ఒక్క వాడల తీగలు మల్ల అతికియ్యి. నేను సూస్త."

*

సాంచెల వాడలో అతికించారు. మూడు రోజులు పట్టింది. బ్యాటరీ తొందరగా దిగుతుందని జనం గొణిగారు. "కంపెనీ బతకాలె. పది దినాలు ఓపిక వట్టుండ్రి," అని జమున ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

స్వరూప చివరిగా తన ఇంటి పెట్టె విప్పింది. లోపల పదకొండు ముళ్ళున్నాయి. తొమ్మిది పసుపు, రెండు నీలం. భర్త గంగాధర్ పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు సాంచెల మోతలో ఉండి అతని చెవులు పూర్తిగా పోయాయి. కల్లు దుకాణానికి పోడు, పెళ్ళిళ్ళకు పోడు. నలుగురు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియని చోట కూర్చోవడం అతనికి ఇష్టం లేదు. పొద్దుగూకే వేళ మాత్రం ఇంటి ముందు పెట్టె పెట్టుకుంటాడు. వాడలో ముగ్గురు వచ్చి కూర్చుంటారు. దెబ్బ అతని చేతికి తెలుస్తుంది, చెవులతో పనిలేదు. ఆ గంటసేపు అతను అందరికంటే ముందు నవ్వుతాడు.

"అతుకుతున్నవేంది?" అన్నాడు, తనకే వినబడని పెద్ద గొంతుతో.

స్వరూప పైకి వేలు చూపించి, ఒకటి ఒకటిగా వేళ్ళు మడిచింది. లెక్క కోసం. అతను తలూపాడు.

*

నాలుగో రోజు పంచాంగం కదిలింది. సాంచెల వాడలో తొమ్మిది పెట్టెలే బతికున్నాయని అది ఇన్నాళ్ళూ రాసుకుంది. ఇప్పుడు నూట అరవై మూడు 'ఉన్నాను' అన్నాయి. హిమజ దాన్ని మిగతా ఊళ్ళకు హెచ్చవేసి చూసింది. కంపెనీ ఇప్పటిదాకా అమ్మినవాటిలో పదింట ఏడు ఇంకా ఆడుతున్నాయి. లోకంలో ఏ ఆటపెట్టెకూ ఆ మాట చెల్లదు.

యజమాని విద్యాసాగర్ పరుగున మెట్లెక్కి వచ్చాడు. ఆయనదీ సాంచెల వాడే. సాంచెలు ఆగిపోయిననాడు, ఆ షెడ్డు తుక్కుకు పోకుండా ఆపి ఈ కంపెనీ పెట్టిన మనిషి. స్వరూపకు రెండు చేతులూ జోడించాడు.

"స్వరూపమ్మా, నువ్వు నా కొంపకు దీపం పెట్టినవ్. అన్ని ఊర్ల తీగలు అతికిపియ్యి. ఎంతమంది కావాల్నో తీస్కపో."

అప్పుడే బీరువాలోంచి కొత్త కాగితం వచ్చింది. సరైన లెక్క తెలిశాక పంచాంగం కట్టిన కొత్త ఆయుష్షు. విద్యాసాగర్ చదివాడు. ముందు ముఖం పాలిపోయింది, తర్వాత నెమ్మదిగా మళ్ళీ రంగొచ్చింది.

లెక్క మారినా, ఉన్నదున్నట్టు సాగితే ఆయుష్షు పాతదే, మూడేళ్ళ నాలుగు నెలలే. పాత పెట్టెలు చావవు కాబట్టి కొత్తవి కొనేవాడు లేడు. దానికి మందు కూడా అదే రాసింది. జాడ తీగ రెండు వైపులా పలుకుతుంది. 'ఉన్నాను' అని వచ్చిన పెట్టెకు 'పడుకో' అని తిరుగు ఆజ్ఞ పంపితే చాలు. పాతవన్నీ పడుకుంటే, మరమ్మతు షెడ్డు మూసేస్తే, ఆయుష్షు పద్నాలుగేళ్ళు.

"ఇది తప్పు," అంది స్వరూప.

"కొత్తయి చేసే షెడ్ల మూడు వందల మందున్నరు. పద్నాలుగేండ్లు తింటరు." విద్యాసాగర్ గొంతులో కోపం లేదు. "నీ షెడ్ల నలువై ముగ్గురు. నువ్వే చెప్పు, ఎవర్ని సూడాలె?"

ఆయన హిమజ వైపు తిరిగాడు. "ముందు ఆ వాడలనే పంపి సూడు."

హిమజ వదిన ముఖం చూడలేదు. మూడు వందల మందిలో తనతో బడికి పోయినవాళ్ళు యాభై మంది ఉంటారు. మీట మీద వేలు పెట్టింది.

స్వరూప మెట్లు దిగి ఇంటి దారి పట్టింది. వాడ మలుపు తిరిగేసరికి పొద్దు గూట్లో పడుతోంది. ఇళ్ళ ముందు బరులు వెలుగుతున్నాయి. ఆమె చూస్తుండగానే చివరి ఇంటి బరి ఆరింది. తర్వాత దాని పక్కది. కోడి నడిచినంత నెమ్మదిగా చీకటి ఒక్కో గడపా దాటుకుంటూ ఆమె ఇంటి దాకా వచ్చింది.

గంగాధర్ కర్ర ఎత్తి ఉంది. దించాడు. ఏమీ తగల్లేదు. మళ్ళీ ఎత్తి దించాడు. కర్రను చెంపకు ఆనించుకుని చూశాడు, అదురు మిగిలి ఉందేమోనని. ఆటకు కూర్చున్న ముగ్గురూ ఏదో మాట్లాడుకుంటూ లేచిపోయారు. వాళ్ళేమన్నారో అతనికి తెలియలేదు. వాళ్ళ పెదాల వంకే ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ కూర్చున్నాడు.

హిమజ అప్పుడే వచ్చి గడప దగ్గర ఆగిపోయింది.

"అన్నకు... మన పెట్టెకు గూడ పోయిందా?" అంది. ఆమె దాన్ని మరిచిపోయింది. యంత్రం ముందు కూర్చున్నంతసేపూ అవి నూట అరవై మూడే, వాటిలో ఒకటి ఇంటిదని తోచలేదు.

స్వరూప తిట్టలేదు. "అన్నం ఉన్నది. తిను," అంది.

హిమజ తినలేదు. అన్న ముందు కూర్చుని, అతని చేతిలోంచి కర్ర తీసుకుని, రెండో కొసతో అతని అరచేతిలో కొట్టింది. చిన్నప్పుడు ఆడినట్టు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

మర్నాడు తెల్లారేసరికి షెడ్డు ముందు జనం పెట్టెలు నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడ్డారు. సాంచెల వాడ మొత్తం అక్కడే ఉంది.

స్వరూప మొదటి పెట్టె విప్పింది. ఆజ్ఞ పట్టిన చిప్పు రాయిలా బిగుసుకుపోయింది. ఎంత వేడి పెట్టినా పలకదు.

"జమునా, బిస్కెట్ డబ్బాలు దించు."

పద్దెనిమిదేళ్ళుగా పనికిరాని పెట్టెల్లోంచి తీసి దాచిన చిప్పులు అటక మీద పన్నెండు డబ్బాల నిండా ఉన్నాయి. ఎందుకు దాస్తున్నారని ఎవరైనా అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. బాగున్న దారప్పోగును పారేయని చేతులు అవి.

"చిప్పు మార్చుండ్రి. జాడ తీగ కోయిండ్రి. ఊర్లల్ల మనోల్లకు చెప్పుండ్రి, ఎవ్వలు గూడ ఆ తీగ అతకద్దని."

నలభై మూడు టంకం కడ్డీలు వేడెక్కాయి. పదో పెట్టెకు ముడి పడుతుండగా విద్యాసాగర్ లోపలికి వచ్చాడు.

"ఎవరు చెయ్యమన్నరు?"

"నేనే."

"షెడ్డు మూస్త, స్వరూపమ్మా."

"మూయుండ్రి. బల్లలు బయటేస్కుంటం. చెట్టు కింద గూడ కడ్డీ కాలుతది."

ఆయన నోరు తెరిచేలోపు వరసలోంచి ఒక ముసలి గొంతు లేచింది.

"ఏం రా సాగరూ! నా ఆట నువ్వే బంద్ జేసినవంట?"

ఆయన మేనత్త రాజవ్వ. బీడీలు చుట్టి ఆయన్ని చదివించిన మనిషి. నెత్తి మీది పెట్టెను తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"అత్తా, నువ్వెందుకొచ్చినవ్? నీకు ప్రతి ఏడు కొత్తది పంపిస్తున్న గదా!"

"కొత్తయి అడిగినోల్లకిచ్చిన. నా చెయ్యి దీనికే అలవాటు."

స్వరూప మూత విప్పి, పెట్టెను ఆయన వైపు తిప్పింది. మూలన పంతొమ్మిది ముళ్ళు. పసుపు, నీలం, ఎరుపు, పెద్దూరులో బల్ల పెట్టుకున్నామె కట్టే ఆకుపచ్చ. ఆయన వంగి వేలితో ఒక్కొక్కటే లెక్కబెట్టాడు. అన్నిటికంటే అడుగున, రంగు వెలిసిన తెల్లపోగు ఉంది. మొదటి ఏడాది, ఇంకా కంపెనీలో పదిమంది కూడా లేనప్పుడు, ఆయనే స్వయంగా బాగుచేసి వేసిన ముడి.

ఆయన వేలు ఆ తెల్లపోగు మీదే ఆగింది.

"సార్," అంది స్వరూప, "పంచాంగం మాట మీరు నమ్ముతరా?"

"నమ్ముత. ఇప్పటిదాక తప్పలే అది."

"ఏ మందు వెయ్యకుంటె ఆయుష్షు తీరే దినం వరకు ఈ కంపెనీ పేరు ఎంతకు పోతదని చెప్పింది?"

"సున్నా."

"మందు మీరు వెయ్యలేరు. తీగలు మా చేతుల్ల ఉన్నయి, మేం అతకం. గోడ మీద మొదలు అంటించిన తేదీ ఉన్నది సూడుండ్రి, ఆ దినం దాక కంపెనీ మీదే. మీరేం చేస్కుంటరో చేస్కోండ్రి. ఆ దినం సున్నా అయినంక పేరు, పెట్టెల అచ్చులు, ఈ షెడ్డు మా మరమ్మతు ఆడోల్ల సంఘానికి రాసియ్యిండ్రి. ఇప్పుడే. సున్నాకు పోయేదానికి మీకేం నష్టం?"

ఎప్పుడూ అంత మాట్లాడని మనిషి. జమున కడ్డీ పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది.

"మూడు వందల మంది సంగతి?" అన్నాడాయన.

"అందర్నీ నేను సాకలేను. అబద్ధం చెప్ప. వచ్చినోల్లకు బల్ల చూపిస్త, పని నేర్పుత."

విద్యాసాగర్ నవ్వాడు. అందులో సగం వెక్కిరింపు, సగం అలసట. "ఓడిపోయే బండెక్కుతా అంటున్నవ్."

"రాయి రా," అంది రాజవ్వ. "నాకు మోకాళ్ళు నొస్తున్నయి."

కాగితం తెచ్చింది హిమజ. విద్యాసాగర్ రాసి సంతకం చేశాడు. సాక్షి సంతకమూ ఆమే పెట్టింది. పెట్టి, మళ్ళీ పైకెక్కకుండా జమున పక్కన ఖాళీ స్టూలు లాక్కుని కూర్చుంది. స్వరూప మొదట ఆమె చేతికిచ్చింది తమ ఇంటి పెట్టే. చిప్పు రెండుసార్లు కాల్చింది. మూడోసారి పెట్టె పలికింది. ముడెయ్యడానికి ఆమెకు రంగు లేదు. స్వరూప తన పసుపు ఉండలోంచి జానెడు తెంపి ఇచ్చింది.

*

మూడేళ్ళ నాలుగు నెలలు గడిచాయి.

పంచాంగం తప్పలేదు. కొత్త పెట్టెల అమ్మకం ఏడాదికేడాది పడిపోయింది. మూడు వందల మందిలో తొంభై మంది మరమ్మతు బల్లల మీదికి వచ్చారు. మిగతావాళ్ళు సాంచెల పని వెతుక్కుంటూ భివండి, సూరత్ దారి పట్టారు. కొందరు పోతూ పోతూ శాపనార్థాలు పెట్టి స్వరూప ఇంటి ముందు మన్ను పోశారు. ఆమె పొద్దున్నే ఎత్తి పోసుకుంది. విద్యాసాగర్ పట్నంలో కళ్ళద్దాల వ్యాపారంలో చేరాడు.

ఆ రోజు తేదీ ప్రకారం కంపెనీ చచ్చిపోయింది. పొద్దున పదకొండు గంటలకు సంఘం పేరు మీద కాగితాలు మారాయి. అదే పూట పంచాంగం కూడా ఆగిపోయింది.

ఆరో బీరువాను నలుగురు కిందికి మోసుకొచ్చి స్వరూప బల్ల మీద పడుకోబెట్టారు. గాలి పంకాలో నూలు దుమ్ము ఉండలు కట్టుకుపోయి తిరగడం లేదు. పాత సాంచెల దుమ్ము, గోడల సందుల్లోంచి ఇంకా రాలుతూనే ఉంది.

"అక్కా, దీని జాడ తీగ కోద్దామా? నోరు మూసుకుంటది," అంది జమున.

"వద్దు. చెప్పనియ్యి."

స్వరూప దుమ్ము తీసి, రెండు అతుకులు వేసి, పంకా తిప్పి చూసింది. బోర్డు మూల రంధ్రం వెతికి పసుపు పోగు ముడేసింది. బీరువా గురగురమని లేచింది.

"కొత్త తేదీ అడగాల్నా వదినె?" హిమజ నెమ్మదిగా అడిగింది.

"అడుగు."

కాసేపటికి కాగితం వచ్చింది. గీత కిందికే ఉంది. సంఘానికి నాలుగేళ్ళ ఒక నెల. హిమజ దాన్ని మడిచి కొంగులో దాచబోయింది. స్వరూప చెయ్యి చాచి తీసుకుని, పాత కాగితం పక్కనే, అన్నం డబ్బాల అరుగు మీద, అందరికీ కనబడేలా అంటించింది.

బయట వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. అందులో ముందు గంగాధర్ ఉన్నాడు. కర్ర పగిలిందని చేతులతో చూపిస్తున్నాడు, వెనకవాడు ఏదో అంటే వాడికంటే ముందే నవ్వుతున్నాడు.

స్వరూప కడ్డీ వేడి చూసుకుంది.

"తేండ్రి, ఎవలది ముందు?"